ముప్పై ఒక్క తలల లెక్క

మా బృందంలో ముప్పై ఒక్కరం. సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కిన దగ్గర్నుంచి జైసల్మేర్లో ఆ రోజు బస్సెక్కేదాకా ఈ అంకెను నేను ఇరవై రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై రెండుసార్లూ సరిపోయింది. ఇరవై మూడోసారి ఎడారిలో, పాడుబడిన ఒక ఊరి బయట లెక్కపెట్టాను. అదీ సరిపోయింది. ఆ మధ్యాహ్నం గురించి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అది 1998 అక్టోబరు, దసరా వెళ్ళిన రెండో వారం. అప్పటికి మేం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో పదహారేళ్ళుగా ఉంటున్నాం. నేను లెక్కల టీచరుగా రిటైరై రెండేళ్ళయింది. నాకు అరవై, మా ఆయనకు అరవై ఆరు. ఆయన సర్వే శాఖలో పనిచేశారు. తెల్లాపూర్, నల్లగండ్ల, మాదాపూర్‌లలో ఆయన గొలుసు లాగించి కొలవని పొలంగానీ గుట్టగానీ లేదు. ఆ ఏడాది మాదాపూర్‌లో హైటెక్ సిటీ గుండ్రటి భవనం పూర్తికావచ్చింది. సాయంత్రాలు మేమిద్దరం అటువైపు నడిచేవాళ్ళం. నడుస్తూ ఆయన అడుగులు లెక్కపెట్టుకునేవారు. వంద అడుగులకోసారి ఆగి, వంగి, మూడు రాళ్ళు ఏరి ఒకదాని మీద ఒకటి పెట్టేవారు. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో పడిన అలవాటు. మర్నాడు వెళ్ళేసరికి పొక్లెయిన్లు ఆ రాళ్ళను గుట్టతో సహా ఎత్తుకుపోయి ఉండేవి. ఆయన మళ్ళీ పెట్టేవారు. నేను ఆగి ఎదురుచూసేదాన్ని.

ఎదురుచూడటం నాకు చేతకాదు. ఇది ముందే ఒప్పుకుంటున్నాను.

టూరు నడిపే ఆయన మా కాలనీ మార్కెట్ పక్కనే ఉండేవాడు. నలభై ఏళ్ళ మనిషి, మాట మంచిది. నేను జనాభా లెక్కల డ్యూటీ రెండుసార్లు చేశానని ఎవరో చెబితే, రైలు కదలకముందే నా చేతిలో కాగితం పెట్టాడు. ముప్పై ఒక్క పేర్లు. "పెద్దమ్మా, ఇగ లెక్క మీ చేతుల పెడుతున్న. మీరుంటే నాకు ఫికర్ లేదు" అన్నాడు.

జనాభా లెక్కల్లో మాకు నేర్పిన మొదటి పాఠం, తలలు లెక్కపెట్టకూడదని. ఒక్కొక్కరి పేరు అడిగి, వరసలో రాసి, అప్పుడు కూడాలి. తలలు కదులుతాయి, పేర్లు కదలవు. ఆ ప్రకారమే రైల్లో పేర్లు చదవడం మొదలుపెట్టాను. పద్దెనిమిదో పేరు దగ్గర ఆగిపోయాను. అది మా ఆయన పేరు. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ పేరు నా నోటితో పలకలేదు. రేషన్ కార్డు ఆఫీసులో అడిగినా కాగితం మీద రాసి చూపించేదాన్ని. మా ఇంట్లో మా అమ్మ, అమ్మమ్మ అందరూ అంతే. ఆడవాళ్ళందరికీ విషయం అర్థమైపోయింది. ఎదురు బెర్తు మీద కూర్చున్న పక్కింటావిడ, "పద్దెనిమిదో ఆయన ఎవరండీ టీచరుగారూ, మాకు తెలీదే. గట్టిగా చెప్తే పలుకుతారేమో" అంది. బోగీ అంతా నవ్వారు. మా ఆయన కూడా కిటికీలోంచి చూస్తూ నవ్వుకున్నారు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. అప్పట్నుంచి తలలే లెక్కపెట్టాను.

జైసల్మేర్లో ఆ ఉదయం ఎనిమిదికి బయల్దేరాలి. అందరూ బస్సు దగ్గర టీ తాగుతున్నారు. మా ఆయన ఎనిమిదీ పదికి వచ్చారు. కోట గోడ ఎన్ని అడుగులుందో చూసి వస్తున్నానన్నారు. నా దగ్గర చిన్న నోటు పుస్తకం ఉండేది. అందులో ప్రతి రోజూ ఎక్కడికి ఎన్నింటికి చేరామో, ఎన్నింటికి కదిలామో రాసుకునేదాన్ని. దాన్ని తీసి అందరి ముందూ చదివాను. నాలుగు రోజుల్లో ఏడుసార్లు, మొత్తం తొంభై అయిదు నిమిషాలు, ముప్పై మంది ఆయన కోసం ఆగారు. చదివి, "ఇవాళ ఎవరూ ఆగరు. టైముకి రాకపోతే లెక్కలో మీరు లేరనుకుని నేనే బస్సు పంపించేస్తాను" అన్నాను.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన నవ్వలేదు. గ్లాసు అక్కడ పెట్టి, రోజూ కూర్చునే సీటు వదిలి బస్సులో చివరి వరసకు వెళ్ళి ఒంటరిగా కూర్చున్నారు.

ఆ రోజు కార్యక్రమం ఇది. ముందు పాడుబడిన ఊరు, తర్వాత నలభై కిలోమీటర్ల అవతల ఇసుక దిబ్బలు, అక్కడే భోజనం, సాయంత్రం ఒంటెలు. గైడు జైసల్మేర్‌వాడే. మెడలో ఈల వేసుకుని హిందీలో చెప్తుంటే టూరాయన మాకు తెలుగులో చెప్పేవాడు. దారిలో అందరూ ఆ మే నెలలో అణుపరీక్ష జరిగిన చోటు ఎటువైపని అడిగారు. గైడు చెయ్యి చూపించాడు. అటు ఏమీ లేదు. ఇటూ ఏమీ లేదు. రాళ్ళు, ఎండుపొదలు, దూరంగా ఒక చెట్టు.

పాడుబడిన ఊరు పదింటికి చేరాం. కప్పులు లేని ఇళ్ళు, తిన్నని వీధులు. ఒక్క రాత్రిలో ఊరంతా ఖాళీ చేసి వెళ్ళిపోయారట. ఎందుకు వెళ్ళారో గైడు రెండు రకాలుగా చెప్పాడు. మా ఆయన వినలేదు. వీధి మొదట నిలబడి, అది ఎంత తిన్నగా ఉందో ఒక కన్ను మూసి చూస్తున్నారు. మాట్లాడాలనుకున్నాను. తర్వాత మాట్లాడదాంలే అనుకున్నాను. ఆయన మంచినీళ్ళ సీసా, గ్లూకోజు పొడి, బిస్కట్లు అన్నీ నా సంచిలోనే ఉన్నాయి. ఆయనకు చక్కెర జబ్బు. ఉదయం మాత్ర వేసుకుంటారు. ఒంటిగంటలోపు తినకపోతే చేతులు వణుకుతాయి.

మాతో వంటాయన ఉండేవాడు. ఉత్తరాదికి వెళ్ళే తెలుగువాళ్ళు వంటమనిషిని, బియ్యాన్ని, పచ్చళ్ళను వెంట తీసుకుపోతారు కదా. ఆయనది శంకర్‌పల్లి దగ్గర ఊరు. సామాన్ల వ్యానులో మాకంటే ముందు పోయి పొయ్యి పెట్టేవాడు కాబట్టి నా ముప్పై ఒక్కరిలో ఆయన లేడు. పదకొండు టూర్లు తిరిగాడట, ఒక్క చోటూ చూడలేదట. గిన్నెలు కడగడంతోనే సరిపోయేదట. ఆ రోజు తెల్లవారుజామున మూడింటికే లేచి పులిహోర, పెరుగన్నం చేసి వ్యానులో పెట్టి, ఒక్క చోటైనా చూస్తానని టూరాయన్ను అడిగాడు. సరేనని ఆయన్ను ఆ ఊళ్ళో దించి వ్యాను ముందుకు వెళ్ళిపోయింది. తిరిగి మా బస్సులో రమ్మన్నారు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినంత సంగతి అని ఎవరికీ తోచలేదు.

పదకొండు ముప్పై అయిదుకు గైడు ఈల వేశాడు. ఎండ ముఖం మీద కొడుతోంది. మగవాళ్ళందరూ తలలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. అందరూ ఎక్కాక నేను బస్సు మెట్టు మీద నిలబడి ముందు నుంచి వెనక్కి లెక్కపెట్టాను. చివరి వరసలో ఒకాయన తువ్వాలు ముఖం మీద కప్పుకుని పడుకుని ఉన్నాడు. ఉదయం కోపం ఇంకా తగ్గలేదన్నమాట అనుకున్నాను. ముప్పై ఒకటి. సరిపోయింది. బయటికి ఒకసారి చూశాను. ఎండకు కళ్ళు విప్పలేకపోయాను. "పోనివ్వండి" అన్నాను. పదకొండు నలభై. నోటు పుస్తకంలో రాశాను. దాని పక్కన, ఆలస్యం లేదు, అని కూడా రాశాను.

ముందు సీట్లలో ఆడవాళ్ళం పారాయణ మొదలుపెట్టాం. నేను వెనక్కి తిరిగి చూడలేదు. మగవాళ్ళు ఆయన నా దగ్గరికి వచ్చి కూర్చున్నారనుకున్నారట.

భోజనాల దగ్గర వంటాయన ముప్పై ఒక్క విస్తళ్ళు వేశాడు. ఎవరికి ఏమిటో ఆయనకు బాగా తెలుసు. మా ఆయన విస్తట్లో పులిహోర సగమే పెట్టి పక్కన కీరదోస ముక్కలు పెట్టేవాడు. అందరూ కూర్చున్నారు. కీరదోస ముక్కలున్న విస్తరి ముందు ఎవరూ లేరు. వంటాయన గరిటె పట్టుకుని, "సార్ ఏడమ్మా?" అని నన్నడిగాడు.

బస్సులో పడుకుని ఉంటారు, లేపుకురండి అన్నాను.

వంటాయన గరిటె దించాడు. "బస్సుల పండుకున్నది నేనమ్మా" అన్నాడు.

అప్పుడు ఒంటిగంటా అయిదు. ఎనభై అయిదు నిమిషాలు. నాకు మొదట వచ్చిన ఆలోచన ఇది. తొంభై అయిదుకు పది తక్కువ. ఎందుకలా వచ్చిందో తెలియదు. కూడికలు వాటంతట అవే వస్తాయి నాకు.

టూరాయన దగ్గర సెల్‌ఫోను ఉండేది. హైదరాబాద్ దాటితే అది పనిచేయదు. అయినా రెండుసార్లు నొక్కి చూశాడు. మిగతావాళ్ళను అక్కడే ఉంచి, వ్యానులో డ్రైవరు, గైడు, టూరాయన, వంటాయన, నేను వెనక్కి వెళ్ళాం. వంటాయన ఒక్కడే, తనవల్లే జరిగిందని, తాను చూడాలనుకోవడమే తప్పయిందని గొణుక్కుంటూ వచ్చాడు. నేను ఆయన్ను ఊరుకోబెట్టలేదు.

ఒంటిగంటా యాభై అయిదుకు చేరాం. వీధుల్లో ఎవరూ లేరు. టూరాయన వచ్చిన దారి పట్టుకుని వెతుకుదామన్నాడు. నేను వద్దన్నాను. మా ఆయన సర్వేలో పనిచేసిన మనిషి, తప్పిపోతే ఉన్నచోటు నుంచి కదలకూడదని కొత్త గుమాస్తాలకు చెప్పిన మనిషి, ఇక్కడే ఎక్కడో ఇంట్లో నీడకు పడుకుని ఉంటారన్నాను. నా మాట విని అందరూ ఒక్కొక్క ఇంట్లోకీ వెళ్ళి చూశారు. కప్పులు లేని గదులు, కప్పులున్న రెండు గుళ్ళు. మెట్లబావిలోకి వంటాయన దిగి చూసి వచ్చాడు. ఆయన పైకి వచ్చేదాకా నేను పైనే నిలబడ్డాను. అలా యాభై నిమిషాలు పోయాయి. ఆ యాభై నిమిషాలూ నా ఖాతాలోవే.

రెండూ నలభై అయిదుకు ఊరికి ఉత్తరం వైపు చివరి గోడ అవతల, నేల మీద మూడు రాళ్ళు చూశాను. ఒకదాని మీద ఒకటి.

సంతోషం కలగలేదు. ఆ రాళ్ళు ఊరివైపు లేవు. అవతల ఇంకో గుర్తు లీలగా కనిపిస్తోంది, ఊరినుంచి బయటికి పోతున్నాయి. ఉత్తరాన మూడు నాలుగు కిలోమీటర్ల అవతల తారురోడ్డు ఉందని ఉదయం బస్సులోంచి ఆయన చూసి ఉంటారు. ఆ రోడ్డుకు తిన్నగా గీత గీసినట్టు నడిచారు. ఎందుకు కదిలారో నాకు అర్థం కాలేదు.

గైడును, డ్రైవరును వ్యానుతో తారురోడ్డు వైపు చుట్టి రమ్మన్నాం. నేనూ, టూరాయనా, వంటాయనా రాళ్ళ వెంట నడిచాం. నా అడుగు చిన్నది, ఆయన వంద నాకు నూట ఇరవై. రెండో గుర్తు నూట ఇరవైకి దొరికింది. మూడోది నూట ఇరవై ఒకటికి. పద్నాలుగో దాకా అలాగే ఉన్నాయి. పదిహేనో గుర్తు తొంభై అడుగులకే వచ్చింది. పదహారోది డెబ్బై. లెక్క తప్పుతున్నారన్నమాట. ఆయన లెక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు. పద్దెనిమిదో చోట రెండు రాళ్ళే ఉన్నాయి. ఇరవై ఒకటో చోట ఒకటే. అది కూడా పెట్టినట్టు లేదు, చేతిలోంచి జారినట్టుంది. అక్కడ ఇసుకలో మోకాళ్ళ గుర్తులున్నాయి.

ఆ తర్వాత రాళ్ళు లేవు.

ఏవండీ అని అరిచాను. వినేవాళ్ళు లేని చోట ఆ మాట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. లోకంలో ఉన్న ప్రతి ఆడదీ తన మనిషిని పిలిచే మాట అది. టూరాయన సార్, సార్ అని అరుస్తున్నాడు. నాలుగు వైపులా తిరిగి అరిచాను. అప్పుడు పేరు పెట్టి పిలిచాను. ఇంటిపేరుతో సహా. గొంతు చీలిపోయేలా ఆరుసార్లు పిలిచాను. పలకలేదు.

ముప్పై ఎనిమిదేళ్ళు దాచుకున్నదాన్ని తీసి ఖర్చుపెడితే ఏమీ రాలేదు. కింద కూర్చుండిపోయాను. టూరాయన, "పెద్దమ్మా, లేవుండ్రి, జర ధైర్యం చేయుండ్రి" అంటున్నాడుగానీ ఆయన గొంతులోనే ధైర్యం లేదు. నా మనసులో నేను అప్పటికే తిరుగు రైలెక్కాను. ముప్పై మంది. ముప్పైకి ఎలా లెక్కపెడతాను అనుకుంటున్నాను.

వంటాయన అటు పక్క మిట్ట మీదికి ఎక్కి చూశాడు. "అమ్మా, గా జమ్మిచెట్టు కింద ఏందో తెల్లగ కనవడ్తుంది" అన్నాడు.

అది నిజంగానే జమ్మిచెట్టు. ఆ దేశంలో దానికి వేరే పేరు. పది రోజుల కిందట దసరాకు మా కాలనీలో ఆ ఆకే ఒకరి చేతిలో ఒకరం పెట్టుకున్నాం. దాని మొదట్లో, చారెడు నీడలో, మా ఆయన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. రెండు చేతులూ తొడల మీద వణుకుతున్నాయి. నాలుగూ పది.

వంటాయన తల పట్టుకుంటే నేను గ్లూకోజు కలిపిన నీళ్ళు మూతతో పోశాను. మొదటి రెండు మూతలు బయటికే కారిపోయాయి. మూడోది మింగారు. పావుగంటకు చేతుల వణుకు తగ్గింది. నన్ను గుర్తుపట్టారు. అప్పుడు కూడా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"అక్కణ్నుంచి ఎందుకు కదిలారు? తప్పిపోతే ఉన్నచోటే కూర్చోవాలని మీరే కదా చెప్పేవారు" అన్నాను.

"తప్పిపోలేదుగా" అన్నారు. మాట ముద్దముద్దగా ఉంది. "వీధి చివర ఉన్నాను. ఈల వినపడి వస్తున్నాను. నువ్వు మెట్టు మీద నిలబడి లెక్కపెట్టడం చూశాను. ఇటు చూశావు. చెయ్యి ఊపాను. లోపలికి వెళ్ళిపోయావు. బస్సు కదిలింది."

"నాకు కనపడలేదండీ."

"నీ లెక్క తప్పదు కదా" అన్నారు. "పొద్దున చెప్పావుగా."

అందుకని ఆయన ఎదురుచూడలేదు. పొరపాటున వదిలేస్తే వెనక్కి వస్తారు. నేను పొరపాటు చేయనని ఆయనకు తెలుసు. కాబట్టి మేం వెనక్కి రామని అనుకున్నారు. నడిచారు.

కొంచెం ఆగి, "ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఆడగొంతు. లేవబోయాను. నువ్వు పేరు పెట్టి పిలవవు కదా, మనవాళ్ళు కాదులే అని కూర్చున్నాను" అన్నారు.

వంటాయన ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "సార్, వెనక సీట్ల తువ్వాల కప్పుకొని పండుకున్నది నేను. అమ్మ నన్ను చూసి మీరనుకున్నది. తప్పు నాది సార్" అని కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆయన చాలాసేపు ఆయన్నే చూశారు. సర్వే కాగితంలో హద్దు సరిచూసేటప్పుడు అలా చూసేవారు.

"అయితే లెక్క సరిగ్గానే వచ్చింది" అన్నారు.

ఎగతాళికి అనలేదు. నన్ను వెనకేసుకొచ్చి అన్నారు. అదే నేను భరించలేకపోయాను.

ఇసుక దిబ్బల దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఎవరూ ఒంటెలెక్కలేదు. భోజనాలు కూడా సరిగా చేయలేదట. బస్సెక్కాక టూరాయన గైడును లెక్కపెట్టమన్నాడు. నేను సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి లేచి నిలబడ్డాను. మొదటి పేరు చదివాను. పలికారు. రెండోది. పలికారు. పద్దెనిమిది దగ్గరికి వచ్చేసరికి పక్కింటావిడ తల వంచుకుంది. చదివాను. గొంతు అప్పటికే పోయింది, బొంగురుగా వచ్చింది. మా ఆయన నా పక్క సీట్లోనే, కిటికీకి తల ఆనించి ఉన్నారు. పలకలేదు. మళ్ళీ చదివాను.

"ఉన్నాను" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికారు. ఆ ఆరేళ్ళలో ఎక్కడికీ ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. దవాఖానకైనా పెళ్ళికైనా అరగంట ముందే తయారై, చెప్పులు కూడా వేసుకుని గుమ్మం పక్క కుర్చీలో కూర్చునేవారు. లోపల పని చేసుకుంటూ మధ్యమధ్య చూస్తే, నావైపే చూస్తూ ఉండేవారు. సాయంత్రం నడకలో మళ్ళీ రాళ్ళు పెట్టలేదు. నేను నోటు పుస్తకంలో టైములు రాయడం మానేశాను. అది ఆయన గమనించారో లేదో అడగలేదు. ఆ రోజు నాకు కనపడలేదని నేను చెప్పింది ఆయన నిజంగా నమ్మారో లేదో కూడా అడగలేదు. అడిగితే నమ్మాననే అంటారు.

తాళం తీసుకుని, బయల్దేరదామా అంటే మాత్రం లేచేవారు కాదు. "ముందు పిలువు" అనేవారు, నవ్వకుండా.

పిలిచేదాన్ని. అప్పుడు లేచేవారు.